మడతకి పోతన్నా

"మడతకి పోతన్నా!" అని అరిచి చీరలు కొనడానికొచ్చిన ఒక పెద్దమనిషి పడీపడీ నవ్వాడు. పక్కనున్న భార్య కూడా నవ్వింది. కూతురు ఫోను పైకెత్తి పట్టుకుంది. కౌంటరు వెనక నిలబడ్డ మా అమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే ఫ్లోర్ మేనేజరు ఊరుకోడు.

నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మాట మాది. గుంటూరు చిలకపచ్చ సిల్క్స్‌లో చీరలమ్మే ఆడవాళ్లం మా అవసరం కొద్దీ పుట్టించుకున్న మాట. మా కొట్టులో పనివాళ్లు కూర్చోకూడదు. అలాగని ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ పట్టుచీరల అంతస్తు మొత్తం వెతికినా మా కోసం ఒక్క పీట కనపడదు. కొనేవాళ్లకి మెత్తని గుండ్రటి స్టూళ్లు, అమ్మేవాళ్లకి రెండు కాళ్లు. పొద్దున షట్టరు ఎత్తితే మళ్లీ దించేదాకా నిలబడటమే. "కూచున్న మనిషిని చూస్తే కస్టమరుకి కూడా నీరసం వస్తదమ్మా" అనేవాడు మా ఫ్లోర్ మేనేజరు ప్రకాశరావు. ఆ మాట ఆయన తిరుగుడు కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ చెప్పేవాడు.

అయితే విప్పిన చీరలు ఎవరో ఒకరు మడతపెట్టాలి కదా. గోదాము తలుపు వెనక, కెమెరా కంటికి అందని మూల ఒకటుంది. అక్కడ చీరల బేళ్ల మీద కూర్చుని మడతపెట్టేవాళ్లం, ఒకరి తర్వాత ఒకరం. "అక్కా, మడతకి పోతన్నా" అంటే నా కాళ్లు లాగేస్తున్నాయి, నా బేరం కాస్త చూసుకో అని అర్థం. "రెండు మడతలున్నయ్యే" అంటే రావడం ఆలస్యమవుతుందని. "పట్టు మడత" అంటే నెలసరి నొప్పి. కూర్చోవడం అనే మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. కొత్తగా చేరిన పిల్లలకి చీర విప్పడం కన్నా ముందు ఈ భాష నేర్పేవాళ్లం. దాన్ని మొదలుపెట్టింది మా అమ్మ.

మా అమ్మ పేరు సామ్రాజ్యం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ ఆ కొట్టులోనే ఉంది. నాకు చదువబ్బక నన్నూ అక్కడే చేర్పించింది. ఆవిడ ఎడమకాలి పిక్క మీద నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. చీలమండ పైన పుండు లేచి, మానినట్టే మాని మళ్లీ చీము పట్టేది. మందు సంగతి తర్వాత, ముందు కాలు పైకి పెట్టుకుని కూర్చో, లేకపోతే ఎక్కడో ఒకచోట కుప్పకూలతావు, కాలు కూడా దక్కదు అన్నాడు డాక్టరు. "అట్టాగే బాబూ" అని వచ్చి, మర్నాడు గుడ్డకట్టు కట్టుకుని, దాని మీద మేజోడు తొడుక్కుని, మామూలుగా నిలబడింది. గోదాము వెనక ఆ మూల ఉండబట్టే ఆవిడ అంతకాలం నెట్టుకొచ్చింది.

ఇక ఆ మాట ఊరందరి నోటికీ ఎలా ఎక్కిందో చెబుతాను.

నటులని పెట్టి కామెడీలు తీయడం టీవీవాళ్లు అప్పటికే మానేశారు. హైదరాబాదు నుంచి టీవీ కంపెనీ తరఫున మృణాళిని అనే డాక్టరమ్మ మా కొట్టుకి వచ్చింది. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, యంత్రాల డాక్టరు. మా అందరి మెడలకీ, గొంతుగుంట దగ్గర, బొట్టుబిళ్లంత బిళ్లలు అంటించింది. "పార్వతిగారూ, ఒక మాట మనసులో అనుకోండి. పైకి అనొద్దు" అంది నాతో. నా ఎదురుగా ఒకావిడ చాలాసేపటి నుంచి చీరలన్నీ విప్పిస్తోంది. నేను అనుకోవలసింది అనుకున్నాను. డాక్టరమ్మ చేతిలో ఉన్న పలక అచ్చం నా గొంతుతో పలికింది.

"ఈవిడ కొనదు. ఏసీ కోసం వచ్చింది."

పక్క కౌంటరులో ఉన్న సువార్త నవ్వాపుకోలేక చీరల వెనక దాక్కుంది. అదృష్టం బాగుండి ఏసీ ఆవిడ ఆ సమయానికి అద్దం దగ్గరుంది.

మాట నోట్లోకి రాకముందే గొంతులో సన్నగా కదులుతుందట. బిళ్ల ఆ కదలికని పట్టుకుంటుంది, దాంతోపాటు నాడిని కూడా. కొన్ని వారాలు అలా పట్టేసరికి మనిషి మొత్తం యంత్రానికి ఒంటబట్టేస్తుంది. పై అంతస్తులో అద్దాల గది కట్టారు. అందులో పెద్ద తెర. తెర మీద మా కొట్టు లాంటి కొట్టు, అందులో మాలాంటి మేము. వాళ్లని నకళ్లు అనేవాళ్లు. ముక్కులూ పేర్లూ కొంచెం మార్చారు, మిగతాదంతా మేమే. మాకు ఒక రోజు గడిచేలోపు వాళ్లు అదే రోజుని వందల రకాలుగా గడుపుతారు. అందులో ఏ రకానికి ఎక్కువ నవ్వొస్తుందో యంత్రమే ఏరి, రోజూ సాయంత్రం టీవీలో వేస్తుంది. "నిలువెత్తు నవ్వులు" అని పేరు.

మమ్మల్నెవరూ మెడ మీద కత్తి పెట్టి ఒప్పించలేదు. టీవీలో కనపడతామంటే ఎవరికి చేదు? మొదటి రోజు సంగడిగుంటలో మా ఇంటి ముందు వీధి వీధంతా చేరింది. తెర మీద మా అమ్మ నకలు చీర కొంగు గాలిలోకి విసిరి పరిచేసరికి అమ్మ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

"అది నేనేనే! ఆ చెయ్యి తిప్పుడు చూడు, అచ్చం నేనే!"

ఆ నకలుకి యంత్రం పెట్టిన పేరు సింహాసనమ్మ. మా అమ్మ పేరులోంచి లాగిందన్నమాట. నా నకలు పేరు గయ్యాళి గౌరి. ఆ పేరు నాకెందుకొచ్చిందో మా వీధిలో ఎవరూ అడగలేదు.

ఒక నెల సరదాగానే గడిచింది. కొట్టు కిటకిటలాడింది. జనం మా మొహాలు చూడటానికి వచ్చి చీరలు కొనుక్కుపోయేవారు. ఆ తర్వాత ఒక సాయంత్రం టీవీలో సింహాసనమ్మ "మడతకి పోతన్నా" అంది.

యంత్రానికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట గొంతులో కదిలినప్పుడల్లా మా నాడి నెమ్మదించడం అది గమనించింది. అందరికీ ఒకే మాటకి అంత హాయి ఎందుకని దానికి అనుమానం వచ్చి ఉంటుంది. దానికి అనుమానాలొస్తాయో లేదో నాకు తెలియదు గానీ, కూపీ మాత్రం మా గొంతుల్లోంచే లాగింది. టీవీలో సింహాసనమ్మ గోదాములోకి దూరి, బేళ్ల మీద మహారాణిలా కాళ్లు చాపుకుని కూర్చుంది. గౌరి వెళ్లింది, ఇంకొకతి వెళ్లింది, చివరికి కొట్టంతా ఖాళీ. మేనేజరు ఒక్కడే చీరల గుట్టల మధ్య "ఎవరమ్మా, ఎవరన్నా ఉన్నారా?" అని తిరుగుతున్నాడు. వెనక నుంచి నవ్వుల హోరు. మా వీధి జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు.

అమ్మ నవ్వలేదు. "మన మూల చూపించేశారే పార్వతీ" అంది.

మర్నాడు ప్రకాశరావు మమ్మల్ని కేకలేస్తాడనుకున్నాం. వేయలేదు. మొహం ఇంత చేసుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. గోదాము మూల ఖాళీ అయిపోయింది. బేళ్లన్నీ పై అరలకెక్కాయి. హాలు నడిమధ్యలో నడుమెత్తు బల్ల ఒకటి వెలిసింది.

"మీ మడతలన్నీ ఇక నుంచి ఇక్కడేనమ్మా, నిలబడి, అందరి ముందూ. జనం చూడాలని ముచ్చటపడతన్నారు. ఎవరన్నా ఆ మాట అనమంటే అనాలి. మొహమాటపడొద్దు."

అలా మా మాట మాకు లేకుండా పోయింది. కూర్చోవడానికి దాచుకున్న మాటని నిలబడి పాట పాడినట్టు పాడమన్నారు. బళ్లో పిల్లలు అంటున్నారు, ఆటోల వెనక రాయించుకుంటున్నారు. పెళ్లివారు వచ్చి "సింహాసనమ్మగారూ, ఒక్కసారి అనండి" అంటే, పుండు సలుపుతున్న కాలి మీద నిలబడి మా అమ్మ "మడతకి పోతన్నా" అనాలి. అని, ఎక్కడికీ పోకుండా అక్కడే ఉండాలి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

నేను ప్రకాశరావు మీదికి పోయాను. "మా అమ్మ కాలు చూశారా మీరు? మనిషేనా మీరు? మీ ఇంటో ఆడోళ్లయితే ఇట్టాగే నిలబెడతారా?" అని అంతస్తంతా వినపడేలా అరిచాను. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. గెలిచాననుకున్నాను.

ఆ సాయంత్రం గయ్యాళి గౌరి టీవీలో అవే మాటలంది. మాట పొల్లు పోలేదు. "మనిషేనా మీరు?" అని అది చేతులు తిప్పుతుంటే, మేనేజరు నకలు వెనక్కి నడుస్తూ చీరల గుట్టలో పడ్డాడు. వెనక నుంచి అదే నవ్వుల హోరు. మర్నాడు ఇద్దరు కుర్రాళ్లు నా కౌంటరు దగ్గరికొచ్చి, "అక్కా, మమ్మల్ని కూడా ఒకసారి తిట్టవా" అని బతిమాలారు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకతె. ఆ ఏడుపేమిటో నాకు అప్పుడు అర్థమైంది. పేదవాళ్లకి దేవుడిచ్చిన ఆస్తి కోపం ఒక్కటే. దాన్ని కూడా మా గొంతులోంచి తీసి, పంచదార పాకం పట్టి, ఊరంతా పంచిపెట్టారు. నేను ఎంత మండిపడితే వాళ్లకి అంత మంచి కథ. మౌనంగా ఉందామంటే బిళ్ల ఊరుకోదు, గొంతులో కదిలింది కూడా పట్టుకుపోతుంది. పీకేద్దామంటే, బిళ్ల లేనివాళ్లకి కొట్టులో పని లేదన్నాడు ప్రకాశరావు. మనసులో తిట్టుకునే దిక్కు కూడా లేని బతుకైపోయింది.

శ్రావణమాసం వచ్చింది. చీరల కొట్టులో శ్రావణమంటే తిరణాల. వరలక్ష్మీ వ్రతం దగ్గరపడేసరికి అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. ఇంటికొచ్చి మేజోడు విప్పితే అమ్మ కట్టు తడిసి అంటుకుపోయి ఉండేది. వేడినీళ్లు పోసి నానబెట్టి ఊడదీసేదాన్ని. "సెలవు పెట్టమ్మా" అంటే, "శ్రావణంలో సెలవా? నీకేమన్నా మతిపోయిందా?" అనేది. ఆవిడకి భయమే కాదు, పొగరు కూడా. తను లేకపోతే పట్టు కౌంటరు నడవదని ఆవిడ నమ్మకం.

వ్రతం ముందురోజు, గురువారం మధ్యాహ్నం, అన్నం తినడానికి వదిలిన కాసేపట్లో నేను పై అంతస్తుకెళ్లి అద్దాల గది తలుపు తోశాను. మృణాళిని ఒక్కతే ఉంది. మెత్తటి కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. ఆ కుర్చీని చూసేసరికి నాలో ఉన్న కాస్త మర్యాదా ఎగిరిపోయింది.

"మేడమ్, మీ ఆట కట్టిపెట్టండి. మా అమ్మ కాలు కుళ్లిపోతంది. మా మూల మాకిచ్చేయమని ఆయనకి చెప్పండి."

ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే నా బాధ. చెడ్డమనిషైతే జుట్టు పట్టుకునేదాన్ని. ఆవిడ లేచి, నా వైపు కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు.

"యంత్రానికి కోపం, బాధ అనే తేడా తెలియదు పార్వతిగారూ. నవ్వొచ్చిందా, రాలేదా, అంతే చూస్తుంది. మీరిప్పుడు అంటున్నవి కూడా అది వింటూనే ఉంది" అంది, నా మెడ వైపు చూస్తూ.

"వినమనండి. మరి నవ్వు రానివేం చేస్తది?"

"పక్కన పడేస్తుంది."

"పక్కన అంటే యాడ?"

ఆవిడ అవెవరూ చూడరనీ, చూసే తీరిక ఉండదనీ ఏదో అంది. చూపించమన్నాను. కాదంటే అక్కడే అద్దాలు పగలగొట్టేదాన్నేమో, నా మొహంలో అది కనపడి ఉంటుంది. తెర మీద వేలితో ఏదో తాకింది.

సింహాసనమ్మ కౌంటరు వెనక నిలబడి ఉంది. ముందు జనం. ఆకుపచ్చ పట్టుచీర విప్పి, కొంగు చూపిస్తూ చూపిస్తూ కౌంటరు అంచు పట్టుకుంది. పట్టు జారింది. చీర మీదే ఒరిగి, చీరతో పాటు కింద పడింది. అంతే, తెర ఆరిపోయింది. ఇంకొకటి వచ్చింది. ఈసారి మెట్ల మీద పడింది. ఇంకొకదాంట్లో నడుమెత్తు బల్ల దగ్గర మడతపెడుతూ పడింది. గౌరి పరిగెత్తుకొచ్చి తల ఒళ్లో పెట్టుకుంది. గౌరి అరుస్తోంది. అమ్మ పడిపోతే నేను ఎలా అరుస్తానో అప్పటిదాకా నాకు తెలియదు.

"ఇవి ఎప్పటియ్యి?" అన్నాను.

"జరిగినవి కావు. నకళ్లు గడిపిన రోజులు. ఈ వారం పనిని ముందుగా వాళ్లచేత గడిపించినప్పుడు..." ఆవిడ తెర మీద ఇంకొన్ని తిప్పింది. "రేపటి శుక్రవారంలో ఎక్కువసార్లు ఇలాగే అవుతోంది. నేనూ ఇప్పుడే చూస్తున్నాను, నిజం."

"ఆ కాలు నొప్పి సింహాసనమ్మకి కూడా ఉందా?"

"మీ అమ్మగారి బిళ్లలో నొప్పి ఉంటే దానికీ ఉంటుంది."

"అయితే మా అమ్మ పడిపోతదని మీ యంత్రానికి తెలుసు."

"యంత్రానికి తెలియడమంటే, అది..."

"తెలుసా లేదా?"

"తెలుసు."

"నవ్వు రాలేదని పక్కన పడేసింది."

నాకు ఆవిణ్ణి తిట్టాలనిపించింది, తిట్టు దొరకలేదు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి కథ చిన్నప్పుడు విన్నాను. నిప్పు అంటుకోబోతోందని ముందే తెలిసి, చుట్టకి పనికిరాదని ఊరుకున్నవాళ్లని ఏమనాలో ఎవరూ చెప్పలేదు. మెట్లు దిగి పరిగెత్తాను.

కింద పట్టు కౌంటరు దగ్గర పొన్నూరు నుంచి వచ్చిన పెళ్లివారు ఉన్నారు. అరడజను ఆడవాళ్లు, స్టూళ్ల మీద. రేపు అనుకున్నది ఇవాళే వచ్చినట్టుంది. అమ్మ మొహం పాలిపోయింది. ఒక చేత్తో చీర చూపిస్తూ రెండో చేత్తో కౌంటరు అంచు పట్టుకుని ఉంది. పై గదిలో చూసిన పట్టు అదే. పెళ్లికూతురు తల్లి పక్కన ఒక స్టూలు మీద వాళ్ల చేతిసంచులు పెట్టుకున్నారు. ఆ సంచులు తీసి కిందపెట్టి, స్టూలు లాక్కొచ్చి కౌంటరు వెనక అమ్మ కాళ్ల దగ్గర వేశాను.

"అమ్మా, కూచో."

అమ్మ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. ఆ అంతస్తులో ఆ మాట పైకి అన్నవాళ్లు అప్పటిదాకా లేరు.

"మడతకి పోయొస్తాలే, నువ్వు..."

"మడతా లేదు గిడతా లేదు. కూచో అంటన్నానా!"

భుజాలు పట్టి నొక్కాను. ఆవిడలో నిలబడే సత్తువ అప్పటికే లేదు. కూర్చుండిపోయింది. అంతే, పెళ్లివారు పకపకా నవ్వారు. వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. "గౌరి! గయ్యాళి గౌరి!" అని ఒక పిల్ల అరిచింది. ఫోన్లు లేచాయి. ఇదంతా టీవీలో వచ్చేదే అనుకున్నారు. "అనండి సింహాసనమ్మగారూ, ఆ మాట అనండి!" అంది పెళ్లికూతురు తల్లి, నిజంగా ముచ్చటపడుతూ. ప్రకాశరావు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కస్టమర్లు నవ్వుతున్నారు కాబట్టి ఆయన మొహాన కూడా నవ్వుంది, కళ్లలో మాత్రం నిప్పులున్నాయి.

"సామ్రాజ్యమ్మా, అది కస్టమర్ల స్టూలు. లెగండి" అన్నాడు, పళ్ల మధ్య నుంచి.

అమ్మ ఆయన్ని చూసింది. నవ్వుతున్న ఆ ఆడవాళ్లందరినీ చూసింది. తర్వాత వంగి మేజోడు కిందికి జార్చింది. కట్టు ముడి విప్పింది. ఆవిడ చేతులకి తెలిసిన పని ఒక్కటే, విప్పి చూపించడం. గుడ్డని చుట్టు మీద చుట్టుగా తీసి, అంటుకున్నచోట మెల్లగా లాగి, ఆ కాలు ఎత్తి కౌంటరు మీద, ఆకుపచ్చ పట్టుచీర పక్కన పెట్టింది.

"చూడండమ్మా, దగ్గరికొచ్చి చూడండి. చూసినందుకు డబ్బులేం అడగం. ఇది ఇరవయ్యేళ్లు మీ ముందర నిలబడితే వచ్చిన సరుకు. నేతలో లోపం లేదు, గట్టి రంగు. యాడా దొరకదు."

నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. వాసన వచ్చి ఉంటుంది, పెళ్లికూతురు ముక్కు మూసుకుని, సిగ్గుపడి చెయ్యి తీసేసింది. అరిచిన పిల్ల ఫోను దించేసింది. ప్రకాశరావు చీరని పక్కకి లాగబోయి, చేతికి తడి తగిలి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఏందమ్మా ఇది, కస్టమర్లు భయపడతారు" అని గొణిగాడు.

"భయపడనీ" అంది అమ్మ. "నేను మాత్రం భయపడలా ఇన్నాళ్లు?"

సువార్త తన కౌంటరులోంచి వచ్చి అమ్మ పక్కన నేల మీద చతికిలబడింది. "పెద్దమ్మా, నేను కూడా కూచుంటన్నా" అంది, ఎవరికో సవాలు విసిరినట్టు. ఇంకో ఇద్దరు కూర్చున్నారు. మిగతావాళ్లు కూర్చోలేదు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల ఇళ్లు నాకు తెలుసు. మెట్ల మీద మృణాళిని నిలబడి చూస్తోంది. కిందికి రాలేదు.

పెళ్లికూతురు తల్లి లేచింది. ఏమీ కొనకుండా, ఆటో ఎక్కించి అమ్మని పెద్దాసుపత్రి దాకా దింపింది. దారి పొడుగునా "నాకు తెలవదమ్మా, నాకు తెలవదు" అంటూనే ఉంది. నాకు ఆవిణ్ణి ఓదార్చాలనిపించలేదు.

కాలు దక్కింది. తొడ మీది చర్మం తీసి అతికారు. కొట్టువాళ్లు మా ఇద్దరినీ ఇక రావొద్దన్నారు. మేం లేకపోయినా ఆడవాళ్లందరూ బిళ్లలు పీకి ప్రకాశరావు బల్ల మీద పోశారట. శ్రావణం రద్దీలో అందరినీ ఒకేసారి తీసేసే ధైర్యం ఆయనకి లేకపోయింది. సువార్త ఇప్పటికీ అక్కడే ఉంది. కొత్త మూల ఒకటి చూసుకున్నారట, మాట కూడా మార్చారట. ఏం మాటో నేను అడగలేదు, అదీ చెప్పలేదు.

మరి టీవీలో ఆ గురువారం వస్తుందని నేను ఎదురుచూశాను. పట్టుచీర పక్కన ఆ కాలుని రాష్ట్రమంతా చూడాలని కసిగా ఎదురుచూశాను. రాలేదు. దాని బదులు ప్రకాశరావు నకలు బట్టతలకి విగ్గు పెట్టుకున్న కథ వేశారు. మృణాళినికి ఫోను చేశాను.

"నవ్వు రాలేదు" అంది నీరసంగా.

"సరే, మా బిళ్లలు తీసేశాం కదా. ఇంకా ఎట్టా నడుపుతన్నారు?"

"నకళ్లకి ఇక మీ బిళ్లలతో పని లేదు. నేర్చుకోవలసింది నేర్చేసుకున్నాయి. అవి కంపెనీవి. నేను ఆ పని మానేస్తున్నాను పార్వతిగారూ, కానీ అవి నాతో ఆగవు."

"ఆ కాలు నొప్పి?"

"అదీ నేర్చుకున్నాయి."

"అయితే పోయేముందు ఒక పని చెయ్యండి. మా అమ్మకి, అదే, ఆ సింహాసనమ్మకి ఒక స్టూలు వెయ్యండి. చాలు."

"వేసి చూశాను" అందావిడ. "కూర్చుంటే నవ్వు తగ్గుతోందని తీసేయించారు" అంది.

నేను ఆ కార్యక్రమం మా ఇంట్లో పెట్టొద్దన్నాను. అమ్మ వినదు. రోజూ సాయంత్రం మంచం మీద కాలు చాపుకుని, దిండు ఎత్తు పెట్టుకుని చూస్తుంది. నవ్వదు. నిన్న నేను పొయ్యి దగ్గర ఉంటే ఆవిడ గొంతు వినపడింది. ఎవరితోనో గొడవ పడుతోందనుకుని వచ్చాను. అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని, టీవీకి ముఖం ఆనించేంత దగ్గరగా నిలబడి ఉంది. తెర మీద సింహాసనమ్మ ఒక చేత్తో కొంగు చూపిస్తూ రెండో చేత్తో కౌంటరు అంచు పట్టుకుంది. వెనక జనం నవ్వుతున్నారు.

"కూచోవే పిచ్చిముండా!" అని అమ్మ అరుస్తోంది. కళ్లలో నీళ్లు, గొంతులో నేను ఎప్పుడూ వినని కోపం. "ఎవడు లెగమంటాడో నేను చూస్తా! కూచోవే! ఆ చీర అవతల పారేసి కూచో!"

సింహాసనమ్మ నవ్వుతూ ఇంకో చీర విప్పింది.